విదేశాలకు పార్సిల్ పంపుతున్నారా..? అడ్రస్‌ను కింద నుంచి పైకి చదువుతారు.. ఈ లాజిక్ తెలిస్తే డబ్బా వెనక్కి రాదు!

అమెరికాలో చదువుకుంటున్న అబ్బాయికి ఆవకాయ పంపాలన్నా, జర్మనీలో ఉన్న అమ్మాయికి ఒరిజినల్ సర్టిఫికెట్లు పంపాలన్నా ముందుగా చేసే పని ఒక్కటే.. "వాట్సాప్‌లో అడ్రస్ పెట్టు" అని అడగడం. వచ్చిన మెసేజ్ చూసి డబ్బా మీద ఎక్కించేస్తాం. మన ఊళ్లో అయితే ఏం రాసినా నడిచిపోతుంది. "రామాలయం ఎదురు సందు, వాటర్ ట్యాంక్ పక్కన" అని ఉన్నా పోస్ట్‌మ్యాన్‌కు తెలిసిపోతుంది. తెలియకపోతే కొరియర్ అబ్బాయి ఫోన్ చేసి మరీ తెచ్చిస్తాడు.

విదేశాల విషయంలో అలా కుదరదు. అక్కడ చాలా చోట్ల అడ్రస్‌ను ముందు చదివేది మనిషి కాదు, మెషీన్. అపార్ట్‌మెంట్ నంబర్ లేకపోయినా, పోస్టల్ కోడ్‌లో ఒక్క అంకె పోయినా పార్సిల్ అక్కడే ఆగిపోతుంది. వారాల తర్వాత వెనక్కి వస్తుంది, లేదంటే అసలు రాదు. పచ్చడి అయితే మళ్లీ పెట్టుకోవచ్చు. ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్ పోతే? ఆస్తి రిజిస్ట్రేషన్ కోసం పంపిన పవర్ ఆఫ్ అటార్నీ దారి తప్పితే? అందుకే అడ్రస్ ఎలా రాయాలి, ఏ దేశానికి ఏ పద్ధతి, కస్టమ్స్ ఫారంలో ఏం నింపాలి.. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకే అడ్రస్.. చదివేది రెండు దేశాల వాళ్లు

ముందు అసలు లాజిక్ అర్థం చేసుకుందాం. మీరు బుక్ చేసిన కవర్‌ను మొదట చూసేది మన తపాలా శాఖ సిబ్బంది. వాళ్లకు అవతలి వీధి, ఇంటి నంబర్‌తో పని లేదు. ఏ దేశం వెళ్లే బ్యాగులో వేయాలో తెలిస్తే చాలు. అందుకే వాళ్లు చూసేది అన్నిటికన్నా కింద ఉండే లైన్.. అంటే దేశం పేరు.

బ్యాగు ఆ దేశంలో దిగాక దేశం పేరుతో అవసరం తీరిపోతుంది. అక్కడి వాళ్లు దాని పైన ఉన్న లైన్ చూస్తారు. అందులో ఊరు, పోస్టల్ కోడ్ ఉంటాయి. ఆ ఊరికి చేరాక ఇంకో లైన్ పైకి వెళ్తారు. అక్కడ వీధి, ఇంటి నంబర్ ఉంటాయి. చివరికి గుమ్మం దగ్గరికి వెళ్లిన వ్యక్తి పై లైన్‌లో ఉన్న పేరు చూస్తాడు. అంటే మనం పై నుంచి కిందికి రాస్తాం.. వాళ్లు కింద నుంచి పైకి చదువుతారు.

దీని నుంచే రెండు రూల్స్ వస్తాయి. ఒకటి.. చివరి లైన్ మన వాళ్ల కోసం. అక్కడ దేశం పేరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. రెండు.. మిగతా లైన్లన్నీ అవతలి దేశం వాళ్ల కోసం. వాళ్లు ఏ వరుసలో రాసుకుంటారో అదే వరుసలో రాయాలి. మన పద్ధతిలోకి మార్చి డోర్ నంబర్, వీధి, ల్యాండ్‌మార్క్ అంటూ తిరగరాయకూడదు.

ఈ పద్ధతి వెనుక పెద్ద చరిత్రే ఉంది. 1874 అక్టోబర్ 9న స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. అదే తర్వాత యూనివర్సల్ పోస్టల్ యూనియన్‌గా మారింది. ఏటా అక్టోబర్ 9న ప్రపంచ తపాలా దినోత్సవం జరుపుకునేది అందుకే. భారత్ 1876లో ఇందులో చేరింది. ఇప్పుడు 192 సభ్య దేశాలు ఉన్నాయి. మీరు ఇక్కడ కట్టిన చార్జీతోనే అవతలి దేశం పోస్ట్‌మ్యాన్ మీ ఉత్తరం తీసుకెళ్లి ఇస్తున్నాడంటే కారణం ఈ వ్యవస్థే.

దేశం పేరు దగ్గరే మొదటి పొరపాటు

దేశం పేరును ఇంగ్లీష్ పెద్ద అక్షరాల్లో, పూర్తిగా, విడిగా చివరి లైన్‌లో రాయాలి. షార్ట్‌కట్ వాడితే చిక్కులు తప్పవు. కెనడాకు రెండక్షరాల కోడ్ 'సీఏ'. అమెరికాలో అదే సీఏ అంటే కాలిఫోర్నియా రాష్ట్రం. మన దేశం కోడ్ 'ఐఎన్'. అమెరికాలో ఐఎన్ అంటే ఇండియానా రాష్ట్రం. జర్మనీ కోడ్ 'డీఈ'. అక్కడ డెలావర్ రాష్ట్రానికీ అదే.

ఊరి పేర్లతోనూ ఇదే సమస్య. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డబ్లిన్ కాలిఫోర్నియాలో ఉంది. ఐర్లాండ్ రాజధాని కూడా డబ్లినే. లండన్ అనే ఊరు కెనడాలోని ఒంటారియోలో కూడా ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లో ఒకటి, అమెరికాలోని అలబామాలో ఇంకొకటి. మన పిల్లలు ఎంబీబీఎస్ చదవడానికి వెళ్లే జార్జియా ఒక దేశం. అట్లాంటా ఉన్న జార్జియా అమెరికాలో ఒక రాష్ట్రం. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా సంగతి సరేసరి. అంతెందుకు, హైదరాబాద్ కూడా ఒక్కటే లేదు. పాకిస్తాన్‌లోని సింధ్ రాష్ట్రంలో మరో హైదరాబాద్ ఉంది. కాబట్టి ఊరు ఎంత ఫేమస్ అయినా సరే, దేశం పేరు రాయాల్సిందే.

కవర్ మీద ఎక్కడ ఏం రాయాలి?

కవర్‌ను అడ్డంగా పెట్టుకోండి. కుడివైపు పై మూలలో స్టాంపులు లేదా పోస్టాఫీస్ లేబుల్ వస్తుంది. ఎడమవైపు పై మూలలో పంపేవారి అడ్రస్, అంటే 'ఫ్రమ్' రాయాలి. మధ్య నుంచి కుడివైపుకు అందుకునేవారి అడ్రస్ రాయాలి. కింది అంచు దగ్గర కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ ఖాళీ వదలండి. చాలా దేశాల్లో సార్టింగ్ మెషీన్ బార్‌కోడ్ ప్రింట్ చేసేది అక్కడే.

ఫ్రమ్ అడ్రస్‌ను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కొందరు కవర్ వెనకాల చిన్నగా రాస్తారు. డెలివరీ కుదరకపోతే పార్సిల్ తిరిగి రావడానికి ఉన్న ఏకైక దారి అదే. పిన్ కోడ్, చివర్లో ఇండియా అని పెద్ద అక్షరాల్లో తప్పకుండా ఉండాలి. ఎందుకంటే తిరిగి పంపేటప్పుడు ఆ దేశానికి మనది విదేశీ అడ్రస్ అవుతుంది.

రాత విషయానికొస్తే.. ఇంగ్లీష్ అక్షరాలు, మామూలు అంకెలు వాడాలి. అవతలి దేశం లిపి వేరే అయితే, ఉదాహరణకు జపాన్, చైనా లాంటి చోట్లకు పంపేటప్పుడు, ఆ లిపిలో కూడా అడ్రస్ ఉంటే ఇంకా మంచిది. అక్కడున్న వాళ్లను ఇమేజ్ పంపమని అడిగి, ప్రింట్ తీసి అతికించండి. అంకెల్లో ఒకటి, ఏడు జాగ్రత్త. యూరప్‌లో చాలామంది ఒకటిని పై నుంచి గీత దించి రాస్తారు. అది మనకు ఏడులా కనిపిస్తుంది. మన ఏడు వాళ్లకు ఒకటిలా కనిపించొచ్చు. టైప్ చేసి ప్రింట్ తీస్తే ఈ గొడవే ఉండదు.

పార్సిల్‌ను తెల్ల గుడ్డలో చుట్టి కుట్టించే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అలా చేస్తే గుడ్డ మీద నేరుగా పెన్నుతో రాయొద్దు. తడి తగిలితే ఇంకు పాకిపోతుంది. కాగితం లేబుల్ అతికించండి. ఆన్‌లైన్ షాపింగ్‌లో వచ్చిన పాత డబ్బా వాడితే, దాని మీదున్న పాత లేబుళ్లు, బార్‌కోడ్‌లు పూర్తిగా పీకేయండి. స్కానర్ పాత బార్‌కోడ్ చదివితే గందరగోళమే. ఇంకో ముఖ్యమైన పని.. రెండు అడ్రస్‌లూ రాసిన చీటీ ఒకటి డబ్బా లోపల కూడా పెట్టండి. పై లేబుల్ చిరిగిపోతే ఆ చీటీయే దిక్కు.

ఏ దేశానికి ఎలా రాయాలి? మన ఎంబసీల అడ్రస్‌లే ఉదాహరణ

ఒక్కో దేశంలో అడ్రస్ వరుస ఒక్కోలా ఉంటుంది. అర్థం కావడానికి ఆయా దేశాల్లోని భారత రాయబార కార్యాలయాల అడ్రస్‌లు చూద్దాం. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం. కవర్ మీద మాత్రం ఇంగ్లీష్‌లోనే రాయాలి.

అమెరికా:
ఎంబసీ ఆఫ్ ఇండియా
2107 మసాచుసెట్స్ అవెన్యూ ఎన్‌డబ్ల్యూ
వాషింగ్టన్ డీసీ 20008
యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా

ఇంటి నంబర్ ముందు, వీధి పేరు తర్వాత. ఆ లైన్ చివర ఉన్న 'ఎన్‌డబ్ల్యూ'ను చూసి అదేదో అదనం అనుకోకండి. వాషింగ్టన్ నగరం నాలుగు భాగాలుగా ఉంటుంది. నార్త్‌వెస్ట్ తీసేస్తే అదే వీధి పేరుతో వేరే భాగానికి వెళ్లొచ్చు. మిగతా ఊళ్లలోనూ నార్త్, సౌత్, ఈస్ట్, వెస్ట్ అనే ముక్కలు ఉంటే అలాగే ఉంచాలి. స్ట్రీట్, లేన్, డ్రైవ్, కోర్ట్ అన్నీ మనకు వీధే. అక్కడ ఒకే ఊళ్లో ఓక్ స్ట్రీట్ వేరు, ఓక్ లేన్ వేరు కావొచ్చు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే యూనిట్ నంబర్ తప్పనిసరి. వందల ఫ్లాట్లున్న కాంప్లెక్స్‌కు వీధి నంబర్ ఒక్కటే ఉంటుంది. యూనిట్ నంబర్ లేని పార్సిల్‌ను "అడ్రస్ సరిపోదు" అని తిప్పి పంపేస్తారు. వీధి లైన్‌లోనే చివర దాన్ని రాయండి.

జిప్ కోడ్ ఐదు అంకెలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి ఈశాన్య రాష్ట్రాల జిప్ కోడ్‌లు సున్నాతో మొదలవుతాయి. ఎడిసన్, జెర్సీ సిటీలో ఉండే మనవాళ్ల అడ్రస్‌లన్నీ ఇలాంటివే. ఎక్సెల్ షీట్‌లో కొడితే ఆ ముందు సున్నా మాయమైపోతుంది. జిప్ కోడ్ నాలుగే అంకెలు కనిపిస్తే వెంటనే అనుమానించండి.

బ్రిటన్:
హై కమిషన్ ఆఫ్ ఇండియా
ఇండియా హౌస్, ఆల్డ్‌విచ్
లండన్
డబ్ల్యూసీ2బీ 4ఎన్ఏ
యునైటెడ్ కింగ్‌డమ్

పోస్ట్‌కోడ్‌లో అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. మధ్యలో ఖాళీ ఉండాలి. ఖాళీ తర్వాత వచ్చే మూడింటిలో మొదటిది ఎప్పుడూ అంకె, మిగతా రెండూ అక్షరాలు. కాబట్టి ఖాళీ తర్వాత మొదట గుండ్రంగా ఏదైనా ఉంటే అది సున్నా, ఇంగ్లీష్ 'ఓ' కాదు. ఊరి పేరు పెద్ద అక్షరాల్లో రాయాలి. కౌంటీ పేరు రాయాల్సిన అవసరం లేదు.

కెనడా:
హై కమిషన్ ఆఫ్ ఇండియా
10 స్ప్రింగ్‌ఫీల్డ్ రోడ్
ఒట్టావా ఓఎన్ కే1ఎం 1సీ9
కెనడా

అక్షరం, అంకె, అక్షరం.. ఖాళీ.. అంకె, అక్షరం, అంకె. ఇదే కెనడా కోడ్ వరుస, ఎప్పుడూ మారదు. పైగా ఇందులో డీ, ఎఫ్, ఐ, ఓ, క్యూ, యూ అనే అక్షరాలు అసలు వాడరు. చదివేటప్పుడు వేరే అంకెగానో, వేరే అక్షరంగానో పొరబడకుండా తీసుకున్న జాగ్రత్త అది. మీకొచ్చిన కోడ్‌లో వీటిలో ఏదైనా కనిపిస్తే మళ్లీ అడగాల్సిందే.

ఆస్ట్రేలియా:
హై కమిషన్ ఆఫ్ ఇండియా
3 మూనా ప్లేస్
యారలమ్లా ఏసీటీ 2600
ఆస్ట్రేలియా

ఇక్కడ సబర్బ్, రాష్ట్రం, నాలుగంకెల పోస్ట్‌కోడ్ ఒకే లైన్‌లో రావాలి. పెద్ద నగరం పేరు కాదు, సబర్బ్ పేరు ముఖ్యం. మెల్‌బోర్న్‌లో టార్నీట్, హాపర్స్ క్రాసింగ్, ట్రుగనినా.. ఈ మూడింటికీ 3029 ఒకటే కోడ్. "మెల్‌బోర్న్ 3029" అని రాస్తే ఏ సబర్బో తెలియదు. ఇంకోటి.. అక్కడ 2/15 అంటే 15వ నంబర్ ఇంట్లో రెండో యూనిట్ అని అర్థం. మన డోర్ నంబర్లలో గీత తర్వాత వచ్చేది చిన్న భాగం. అక్కడ గీతకు ముందున్నది యూనిట్. తారుమారు చేయకండి.

జర్మనీ:
ఎంబసీ ఆఫ్ ఇండియా
టియర్‌గార్టెన్‌స్ట్రాసె 17
10785 బెర్లిన్
జర్మనీ

ఇక్కడ అంతా రివర్స్. వీధి పేరు ముందు, ఇంటి నంబర్ తర్వాత. ఐదంకెల కోడ్ ముందు, ఊరు తర్వాత. అన్నిటికన్నా ముఖ్యం.. అక్కడ మామూలుగా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ లెటర్ బాక్స్ మీదున్న పేరు చూసి వేస్తాడు. మీ అబ్బాయి వేరొకరి ఇంట్లో గది అద్దెకు తీసుకుని ఉంటే, బాక్స్ మీద అతని పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి వెళ్లిపోతుంది. అలాంటప్పుడు అబ్బాయి పేరు కింద 'కేరాఫ్' అని బాక్స్ మీదున్న పేరు కలపాలి.

దుబాయ్:
కాన్సులేట్ జనరల్ ఆఫ్ ఇండియా
పీవో బాక్స్ 737
దుబాయ్
యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్

కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన వాళ్ల కుటుంబాలు ఇది గమనించాలి. యూఏఈలో పిన్ కోడ్ లాంటిది లేదు. ఉత్తరాలు పీవో బాక్స్‌కు వెళ్తాయి. చాలామంది కార్మికులకు కంపెనీ పీవో బాక్సే దిక్కు. అందుకే మనిషి పేరు, కంపెనీ పేరు, పీవో బాక్స్ నంబర్, మొబైల్ నంబర్.. నాలుగూ ఉండాలి. ఏదైనా ఫారంలో కోడ్ అడిగినా ఊహించి రాయకండి. ప్రైవేట్ కొరియర్‌లో పంపేటప్పుడు మాత్రం పీవో బాక్స్ ఒక్కటే సరిపోదు. బిల్డింగ్ పేరు, ఏరియా, ఫోన్ నంబర్ కూడా కావాలి.

'బుజ్జి' అని రాస్తే ఎవరికి ఇవ్వాలి?

పేరు దగ్గర మనకు కొన్ని అలవాట్లున్నాయి. చి.ల.సౌ. అని మొదలుపెడతాం, లేదంటే ముద్దుపేరు రాస్తాం. ఇంటిపేరును ఒక్క అక్షరంగా కుదిస్తాం. అవతల ఇంటి దగ్గర ఎవరూ లేకపోతే పార్సిల్‌ను దగ్గర్లోని పోస్టాఫీస్‌లో ఉంచి చీటీ పెట్టి వెళ్తారు. తెచ్చుకోవాలంటే ఐడీ చూపించాలి. ఐడీలో ఒక పేరు, డబ్బా మీద ఇంకో పేరు ఉంటే ఇబ్బందే. కాబట్టి పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే పేరు పూర్తిగా రాయండి. ఫోన్ నంబర్‌ను దేశం కోడ్‌తో సహా ఇవ్వండి. అమెరికా, కెనడాకు ప్లస్ 1, బ్రిటన్‌కు ప్లస్ 44, ఆస్ట్రేలియాకు ప్లస్ 61, జర్మనీకి ప్లస్ 49, యూఏఈకి ప్లస్ 971.

స్టూడెంట్స్ విషయంలో ఇంకో జాగ్రత్త. సెమిస్టర్ మారితే ఇల్లు మారడం మామూలే. ఆరు నెలల కిందటి వాట్సాప్ మెసేజ్ చూసి రాయకండి. పంపే రోజు ఉదయం మళ్లీ అడగండి.

కస్టమ్స్ ఫారం కూడా అడ్రస్‌లో భాగమే

ఉత్తరం, డాక్యుమెంట్లు తప్ప ఏ వస్తువు పంపినా కస్టమ్స్ డిక్లరేషన్ ఇవ్వాలి. చిన్న ప్యాకెట్లకు సీఎన్ 22, పెద్ద పార్సిళ్లకు సీఎన్ 23 అనే ఫారాలు ఉంటాయి. ఈ వివరాలను ఇప్పుడు కంప్యూటర్‌లో ఎక్కించి, పార్సిల్ కంటే ముందే అవతలి దేశానికి పంపాలి. 2021 నుంచి అమెరికా, యూరోపియన్ యూనియన్ దేశాలు దీన్ని అమలు చేస్తున్నాయి. అంటే డబ్బా మీద మీరు ఎంత చక్కగా రాసినా, కౌంటర్‌లో టైప్ చేసినప్పుడు ఒక అంకె తప్పు పడితే ఆ తప్పే ముందుగా చేరుతుంది.

అందుకే డబ్బు కట్టే ముందు ప్రింట్ అయిన లేబుల్‌ను, రసీదును ఒకసారి చదవండి. పేరు, యూనిట్ నంబర్, పోస్టల్ కోడ్, దేశం.. ఈ నాలుగు చాలు. అర నిమిషం పని. తప్పుంటే అప్పుడే చెప్పి సరిచేయించుకోవచ్చు. బ్యాగులో పడ్డాక కష్టం. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు కాపీ కూడా వెంట తీసుకెళ్లండి.

ఫారంలో లోపల ఏముందో స్పష్టంగా రాయాలి. "గిఫ్ట్", "ఫుడ్ ఐటమ్స్" అంటే కుదరదు. "ఆవకాయ" అంటే అక్కడి కస్టమ్స్ ఆఫీసర్‌కు తెలియదు. ఇంట్లో చేసిన మామిడికాయ పచ్చడి, ఒక కిలో అని ఇంగ్లీష్‌లో రాయాలి. కందిపొడిని ఉత్త "పౌడర్" అని రాస్తే డబ్బా విప్పి చూడటం ఖాయం. వేయించిన కందిపప్పుతో చేసిన కారప్పొడి అని అర్థమయ్యేలా రాయండి. విలువ కూడా నిజమే వేయాలి.

ఎంత కరెక్ట్‌గా రాసినా కొన్ని వస్తువులు దాటవు. మాంసం కలిసిన పచ్చళ్లు అమెరికా, ఆస్ట్రేలియా, బ్రిటన్, యూరప్ దేశాల కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి. పాల పదార్థాలపైనా చాలా చోట్ల ఆంక్షలున్నాయి. విత్తనాల విషయంలో ఆస్ట్రేలియా చాలా స్ట్రిక్ట్. అమెరికాకు ఆహారం పంపితే ముందస్తు నోటీసు రూల్ ఉంది. అయితే ఒక వ్యక్తి తన ఇంట్లో స్వయంగా చేసి, తానే వ్యక్తిగత బహుమతిగా పంపితే దాని నుంచి మినహాయింపు ఉంది. అమ్మ పెట్టిన ఆవకాయకు, షాపులో కొన్న సీసాకు అక్కడ తేడా ఉందన్నమాట.

రూల్స్ మారుతుంటాయనీ గుర్తుంచుకోండి. 800 డాలర్ల లోపు వస్తువులకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి ఆపేసింది. దాంతో మన తపాలా శాఖ కూడా అమెరికా సర్వీసును కొన్నాళ్లు నిలిపివేసి, అక్టోబర్ 15న మళ్లీ మొదలుపెట్టింది. కాబట్టి ప్యాక్ చేసే ముందే పోస్టాఫీస్‌లో ఒకసారి కనుక్కోవడం మంచిది.

డెలివరీ కాకపోతే ఏం చేయాలో మీరే చెప్పాలి

పార్సిల్ ఫారంలో చాలామంది ఖాళీగా వదిలేసే గడి ఒకటుంది. డెలివరీ కాకపోతే వెనక్కి పంపాలా, లేదా వదిలేయాలా అని అందులో అడుగుతారు. తిరిగి పంపమంటే ఆ ఖర్చు మీ మీద పడొచ్చు. వదిలేయమంటే వస్తువు తిరిగి రాదు. కిలో మిక్చర్ అయితే వదిలేసినా పర్వాలేదు. సర్టిఫికెట్లు, పట్టుచీరలు అయితే వెనక్కి పంపమనే టిక్ పెట్టాలి.

బుక్ చేశాక 13 క్యారెక్టర్ల ట్రాకింగ్ నంబర్ ఇస్తారు. మొదట రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర మన దేశం గుర్తుగా 'ఐఎన్' ఉంటాయి. స్పీడ్ పోస్ట్ అయితే మొదటి అక్షరం 'ఈ'. పార్సిల్ అమెరికా చేరాక అక్కడి తపాలా సంస్థ వెబ్‌సైట్‌లో కూడా ఇదే నంబర్ కొట్టి చూడొచ్చు. అందుకే దీన్ని అందుకునేవాళ్లకు కూడా పంపండి. ఎక్కడైనా ఆగితే అక్కడి పోస్టాఫీస్‌కు వెళ్లి అడగగలిగేది వాళ్లే.

ఒకవేళ కవర్ తిరిగొస్తే దాని మీద ఫ్రెంచ్ మాటలు కనిపించొచ్చు. యూనివర్సల్ పోస్టల్ యూనియన్ అధికార భాష ఫ్రెంచ్. అందుకే అలా ఉంటాయి. "అంకొన్యూ" అంటే ఆ పేరుగల మనిషి అక్కడ లేరని. "రెఫ్యూజే" అంటే తీసుకోవడానికి ఒప్పుకోలేదని. "నో రెక్లామే" అంటే పోస్టాఫీస్‌లో పెట్టినా ఎవరూ వచ్చి తీసుకోలేదని. "అడ్రెస్ ఆంసుఫిజాంత్" అంటే అడ్రస్ సరిపోలేదని. కారణం తెలిస్తే రెండోసారి పంపేటప్పుడు ఏం సరిచేయాలో తెలుస్తుంది.

అక్కడి నుంచి మన ఊరికి రావాలంటే..?

ఇప్పుడు రివర్స్‌లో చూద్దాం. విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే వాటిలో పవర్ ఆఫ్ అటార్నీ పత్రం చాలా కీలకం. విదేశంలో రాసిన ఇలాంటి పత్రానికి, అది భారత్‌లో అందిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టాలని 1899 నాటి ఇండియన్ స్టాంప్ యాక్ట్ చెబుతోంది. అందిన తేదీ నుంచే లెక్క కాబట్టి, వచ్చిన కవర్‌ను, ట్రాకింగ్ వివరాలను పారేయకండి.

మన అడ్రస్‌లో అన్నిటికన్నా గట్టిది పిన్ కోడ్. 1972 ఆగస్టు 15న మొదలైన ఈ ఆరంకెల కోడ్‌లో 50తో మొదలయ్యేవి తెలంగాణవి. 51, 52, 53తో మొదలయ్యేవి ఆంధ్రప్రదేశ్‌వి. హైదరాబాద్ జీపీవో 500001, విజయవాడ 520001, విశాఖపట్నం 530001. 2014లో రాష్ట్రం విడిపోయింది. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఏపీలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఎప్పుడో అమెరికా వెళ్లినవాళ్ల దగ్గర పాత జిల్లా పేరే ఉండొచ్చు. పిన్ కరెక్ట్‌గా ఉంటే ఉత్తరం దారి తప్పే అవకాశం తక్కువ.

అయితే పల్లెటూళ్లకు పిన్ ఒక్కటే చాలదు. ఒకే పిన్ కింద చాలా గ్రామాలు ఉంటాయి. మీ ఊరికి పోస్టాఫీస్ పక్క ఊళ్లో ఉండొచ్చు. అందుకే గ్రామం పేరు, పోస్టాఫీస్ పేరు, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్ అన్నీ రాయాలి. తండ్రి లేదా భర్త పేరు, మొబైల్ నంబర్ కూడా ఉంటే మంచిది. ఒకే ఊళ్లో ఒకే పేరున్నవాళ్లు నలుగురు ఉండటం మన దగ్గర మామూలే. పేరు, ఊరు తెలుగులో కూడా రాయొచ్చు. పల్లెలో పంచేవాళ్లకు అది సులువు. పిన్ కోడ్, ఇండియా అనే మాట మాత్రం ఇంగ్లీష్‌లో కింద తప్పకుండా ఉండాలి. అక్కడి పోస్టాఫీస్ వాళ్లు చదవగలిగేది ఆ చివరి లైన్‌నే.

పోస్టాఫీస్‌కు వెళ్లే ముందు ఈ ఏడు చెక్ చేసుకోండి

1. దేశం పేరు చివరి లైన్‌లో, విడిగా, పూర్తిగా ఉందా?
2. పోస్టల్ కోడ్‌లో ఎన్ని అంకెలు, అక్షరాలు ఉండాలో అన్నీ ఉన్నాయా?
3. అపార్ట్‌మెంట్ లేదా యూనిట్ నంబర్ రాశారా?
4. పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా? వేరొకరి ఇంట్లో ఉంటే కేరాఫ్ రాశారా?
5. దేశం కోడ్‌తో ఫోన్ నంబర్ ఇచ్చారా?
6. ఫ్రమ్ అడ్రస్‌లో పిన్ కోడ్, ఇండియా ఉన్నాయా? లోపల చీటీ పెట్టారా?
7. ప్రింట్ అయిన లేబుల్‌ను, డబ్బా మీదున్న అడ్రస్‌తో పోల్చి చూశారా?

చివరిగా ఒక చిన్న టిప్. అడ్రస్ రాయడం పూర్తయ్యాక లేబుల్‌ను ఫొటో తీసి, అందుకునేవాళ్లకు వాట్సాప్ చేయండి. వాళ్లు "కరెక్టే" అన్నాకే డబ్బాను కౌంటర్ మీద పెట్టండి. సొంత అడ్రస్‌లో తప్పును వాళ్లు పట్టుకున్నంత తొందరగా ఇంకెవరూ పట్టుకోలేరు.